బీడింగ్ మేస్త్రీ, కూయని తలుపు

కారు వయసు రంగులో కాదు, రబ్బరులో తెలుస్తుందన్నది బీడింగ్ మేస్త్రీ సిద్ధాంతం. మనిషి వయసు మెడ దగ్గరా మోచేతుల దగ్గరా బయటపడ్డట్టే, బండి వయసు బంపరు మూలల్లోనూ, అద్దాల అంచుల్లోనూ, వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్కులోనూ బయటపడుతుంది. పైన ఎంత పాలిష్ పట్టించినా, ఆ నలుపు బూడిదరంగుకు తిరిగిందంటే బండి పెద్దమనిషి అయిపోయినట్టే. ఈ సిద్ధాంతాన్ని ఆయన అడిగినవాళ్లకి చెప్తాడు. అడగనివాళ్లకి ఇంకా వివరంగా చెప్తాడు.

గ్యారేజీల వీధిలో ఆయనది చిట్టచివరి షెడ్డు. మొదట టింకరు సొట్టలు తీస్తాడు. పక్కన పెయింటరు రంగు కొడతాడు. ఆ తర్వాత ఎలక్ట్రీషియను తీగలన్నీ బయటికి లాగి, ఏది ఎక్కడిదో గుర్తురాక టీ తాగడానికి వెళ్తాడు. వీళ్లెవరూ ముట్టుకోకుండా వదిలేసినవన్నీ, అంటే నల్లగా ఉండేవీ, మెత్తగా ఉండేవీ, ఏ కొనుగోలుదారుడూ పొగడనివీ మేస్త్రీ వంతుకు వస్తాయి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు ఆయన ప్రత్యేకత. వాటినే బీడింగ్ అంటారు. ఇంటిపేరులా అది ఆయన పేరు ముందు చేరి కూర్చుంది.

"మేం కారుకి ఒళ్లు బాగుచేస్తాం. నువ్వు గోళ్లు కత్తిరిస్తావు, అంతేగా బావా" అంటాడు టింకరు. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్క షెడ్లవాళ్లు కాబట్టి బావలయ్యారు.

"వాన పడనీ బావా. నీ ఒళ్లంతా నీళ్లు కారుతున్నప్పుడు ఈ గోళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తావు" అంటాడు మేస్త్రీ.

పనే దైవమని బోర్డు రాసి తగిలించుకునే రకం కాదాయన. పని నిజంగా దైవమే అయితే సోమవారం పొద్దున భక్తులందరికీ నడుం నొప్పి ఎందుకొస్తుందో ఆ బోర్డులు రాసేవాళ్లు చెప్పరు. మేస్త్రీకి పని మీద ఉన్నది భక్తి కాదు, చాదస్తం. చాదస్తం భక్తికంటే నమ్మకమైనది, సెలవులు తీసుకోదు. బూడిదపట్టిన బంపరుకు వేడిగాలి మిషను పెట్టి, ప్లాస్టిక్కు లోపల దాక్కున్న నూనెను పైకి రప్పించి, మళ్లీ నలుపు తేలేలా చేస్తాడు. ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ నిలిపితే బంపరు అప్పడంలా ముడుచుకుంటుంది, అందుకని చెయ్యి ఆడుతూనే ఉండాలి. పాలిష్ అంటుకుని తెల్లగా ఎండిన మరకల్ని చిన్నపిల్లలు వాడే పెన్సిలు రబ్బరుతో చెరిపేస్తాడు. తలుపు బీడింగ్ సరిగ్గా కూర్చుందా లేదా అన్నదానికి ఆయన పరీక్ష మరీ సులువు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూస్తాడు. లాగితే కాగితం రానని మొండికేయాలి. సుఖంగా వచ్చేసిందంటే గాలీ నీళ్లూ కూడా అంతే సుఖంగా లోపలికి వెళ్తాయన్నమాట.

ఈ కాగితం పరీక్షే ఆయనకు బంధువుల్లో చెడ్డపేరు తెచ్చింది. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లి, జేబులో కాగితం తీసి ఫ్రిజ్ తలుపులో పెట్టి లాగి చూస్తాడు. అన్నగారింట్లో అలాగే లాగాడు. కాగితం జారి కింద పడింది. "వదినా, మీ చల్లదనమంతా వీధిపాలవుతోంది" అన్నాడు, పదిమంది చుట్టాల ముందు. వదిన ఆ మాటను తన కాపురం మీద వ్యాఖ్యగా తీసుకుంది. ఎనిమిదేళ్లయింది. ఆ ఫ్రిజ్ పోయింది, కొత్తది వచ్చింది, కోపం మాత్రం పాతదే ఉంది.

ఆ వదినే ఇప్పుడు మేస్త్రీ భార్య నెత్తిన కూర్చోబోతోంది. అసలు కథ అదీ.

మేస్త్రీ భార్యది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఐసు పెట్టె భుజానికి తగిలించుకుని ఇళ్లకు వెళ్లి, నడవలేని ముసలివాళ్ల దగ్గర రక్తం తీసుకొస్తుంది. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుందని ఆమెకు పేరు. సూది దిగేలోపు వాళ్ల కోడళ్ల సంగతి ఒకటి అడుగుతుంది, వాళ్లు చెప్పడం పూర్తయ్యేసరికి మూడు గొట్టాలు నిండి ఉంటాయి. ఇన్నాళ్లూ బస్సుల్లో తిరిగింది. ఇప్పుడు ల్యాబువాళ్లు ఈ పనికోసం ఒక చిన్న కారు కొన్నారు. ఒకటో తారీఖులోగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్లకు ఆ కారూ, ఆ పనీ. తేలేనివాళ్లు లోపల కౌంటరులో కూర్చుని రసీదులు రాయాలి. ఆ కౌంటరుకు ఇన్‌చార్జి ఎవరంటే, సాక్షాత్తూ వదిన. మేస్త్రీ భార్యకు పెద్ద తోడికోడలు.

"రావే చెల్లీ, నా పక్కనే కుర్చీ వేయిస్తా" అంది తోడికోడలు ఎంతో ప్రేమగా. "ఫ్యాను నా వైపే తిరుగుతుందనుకో. నువ్వు సర్దుకుపోతావులే."

ఆ రోజు ఇంటికొచ్చి మేస్త్రీ భార్య బ్యాగు కూడా దించకుండా చెప్పింది. "ఏవండీ, నేను సూదితో గుచ్చి బతుకుతాను. ఆవిడ సూది లేకుండానే గుచ్చుతుంది. నాకు లైసెన్సు రావాల్సిందే."

అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ డ్రైవింగ్ స్కూలు కారులోనే పరీక్షకు వెళ్లింది. మొదటిసారి నడక వేగంలో మూడో గేరు వేసింది, బండి దగ్గి ఆగిపోయింది. రెండోసారి భయపడి చివరిదాకా రెండో గేరులోనే ఉంచింది, ఇంజను మొత్తుకుంది. కాగితం మీద ఆఫీసరు రెండుసార్లూ ఒకే ముక్క రాశాడు: గేర్ల మీద అవగాహన లేదు. మూడోసారి కూడా తప్పితే రెండు నెలల దాకా మళ్లీ పరీక్షకు రానివ్వరు.

మేస్త్రీకి ఇదంతా వింతగా ఉండేది. ఎందుకంటే తన పాత కారులో, తను పక్కన కూర్చుని ఆదివారాలు మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలో నేర్పినప్పుడు ఆమె బండి నడపడం చూడముచ్చటగా ఉండేది. మూడో గేరు ఎప్పుడు వేయాలో చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా వేసేది. తప్పంతా డ్రైవింగ్ స్కూలు కారుదేనని ఆయన తేల్చేశాడు.

"ఈసారి మన బండిలోనే వెళ్దాం" అన్నాడు.

అన్నాక వెళ్లి తన బండిని చూసుకున్నాడు. ఊరందరి కార్లనూ నల్లగా నిగనిగలాడించే మనిషి, సొంత బండిని పదేళ్లుగా ముట్టుకోలేదు. బంపర్లు బూడిదరంగు దాటి తెలుపుకు తిరిగాయి. తలుపు బీడింగ్ అణిగి అణిగి పాత పరుపులా అయిపోయింది. వైపర్ల కింద ప్లాస్టిక్కు ఒక మేకు ఊడి వదులుగా ఉంది. వెనక బంపరు మీద రబ్బరు పట్టీ ఒక చివర లేచి తోకలా వేలాడుతోంది. దీన్ని ఆఫీసరు ముందు నిలబెట్టడమా? రేపు ఎవడైనా "ఇది బీడింగ్ మేస్త్రీ బండేనటగా" అంటే?

మూడు రోజులు షెడ్డు మూసేశాడు. అంటే బయటివాళ్లకి మూసేసి లోపల తన బండి పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల సంసారంలో భార్యకు ఒక్క కానుకైనా సరిగ్గా ఇచ్చిన పాపాన పోలేదు. చీర తెస్తే అంచు బాగాలేదనేది, గాజులు తెస్తే చేతికి పట్టేవి కావు. రబ్బరు మాత్రం తనకు తెలుసు. నాలుగు తలుపులకూ కొత్త బీడింగ్ వేశాడు. డ్రైవరు తలుపు పై మూలలో అతుకు కనిపించకుండా ఒకే ముక్కను ఒంపు తిప్పడానికి సగం రోజు పట్టింది. అంటుకుపోకుండా సిలికాన్ పూశాడు. వైపర్ల కింది ప్లాస్టిక్కు బిగించాడు. వెనక పట్టీ అతికించాడు. బంపర్లకు వేడిగాలి పెట్టి, మరకలు చెరిపి, తారు డబ్బాలో ముంచి తీసినట్టు చేశాడు. చివరగా చుట్టూ పదహారుచోట్ల కాగితం పెట్టి లాగాడు. పదహారుచోట్లా కాగితం చిరిగిందే గానీ రాలేదు.

టింకరు వచ్చి లోపల కూర్చుని తలుపు వేసి చూశాడు. డబ్. బయట వీధి గోలంతా ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"బావా, ఇందులో కూర్చుంటే మా ఆవిడ మాటలు కూడా వినబడవు కదా" అన్నాడు టింకరు ఆశగా.

పరీక్ష గురువారం పొద్దున పదకొండింటికి. తొమ్మిదింటికే బయల్దేరారు. ఆమె డ్రైవరు సీట్లో, మేస్త్రీ పక్కన. కారును చూసి ఆమె "అబ్బ, పెళ్లికొడుకులా ఉందండీ!" అంది. మేస్త్రీ మీసాల చాటున నవ్వుకున్నాడు. ఒకే షరతు పెట్టింది: దారిలో నోరు మెదపకూడదు, ఆఫీసరులాగే కూర్చోవాలి.

వీధి దాటారు. పెద్దరోడ్డు ఎక్కారు. మొదటి గేరు, రెండో గేరు. బండి వేగం అందుకుంది. ఇంజను గొంతు పెంచింది. ఆమె కళ్లు రోడ్డు మీద, చెయ్యి గేరు మీద, ముఖంలో మాత్రం బస్టాపులో నిలబడ్డవాళ్ల ఎదురుచూపు. మేస్త్రీ పళ్లు బిగపట్టాడు. ఇంజను అరుపు కేకయింది, కేక ఏడుపయింది. పక్కన పోతున్న ఆటోవాడు తల తిప్పి "అమ్మా, దానికేదైనా తినడానికి పెట్టండి!" అని అరిచాడు.

"మూడోది వెయ్యవేంటే! ఇంజను చచ్చేలా ఉంది!"

"ఇంకా కూయలేదు కదండీ!"

"ఏది కూయలేదు?"

"తలుపు!"

బండి పక్కకు ఆపించాడు.

"తలుపు కూయడమేంటి?" అన్నాడు మేస్త్రీ.

"కూస్తుంది కదా, ఇదిగో ఈ పై మూల. స్పీడు అందుకోగానే కుయ్‌మంటుంది. అప్పుడు మూడోది వెయ్యాలి. మీరేగా నేర్పింది!"

"నేనెప్పుడు నేర్పాను?"

"మొదట్లో మీరు పక్కన కూర్చుని 'ఇప్పుడు వెయ్యి' అనేవారు. మీరన్న ప్రతిసారీ అది కూసేది. పోనీలే, మాటిమాటికీ ఈయన్ని అడగక్కర్లేదని నేను దాన్నే పట్టుకున్నా. కంపెనీవాళ్లే పెట్టారనుకున్నా. కుక్కరుకి పెట్టరూ విజిలు, అలాగ."

మేస్త్రీ తల ఎత్తి ఆ పై మూలను చూశాడు. అణిగిపోయిన బీడింగ్ సందులోంచి గాలి దూరి కూసిన కూత అది. తనకూ వినిపించే ఉండాలి. పదేళ్లుగా వింటూ వింటూ చెవులు దాన్ని లెక్కచెయ్యడం మానేశాయి.

"మరి నాలుగో గేరుకి?" అన్నాడు నీరసంగా.

"ముందు వైపర్ల కింద ప్లాస్టిక్కు గడగడలాడుతుంది."

అది బిగించేశాడు.

"వెనక్కి తీసేటప్పుడు?"

"వెనక పట్టీ గోడకి టప్‌మని తగిలితే ఇంకా జానెడు చోటుందని గుర్తు."

అదీ అతికించేశాడు. డ్రైవింగ్ స్కూలు కారు ఎందుకు మొరాయించిందో అప్పుడు తెలిసింది. అది మంచి కారు, పాపం. ఎక్కడా కూయదు. తన భార్య రెండుసార్లు తప్పింది మంచి రబ్బరు వల్ల. మూడోసారి తప్పబోయేది అంతకంటే మంచి రబ్బరు వల్ల.

"మీటరు చూసి వెయ్యొచ్చుగా" అన్నాడు.

"రోడ్డు మీంచి కళ్లు తిప్పావంటే చంపేస్తానన్నది ఎవరు?"

"పోనీ ఇంజను చప్పుడు విను."

"అది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కదండీ. అందులో ఏ ముక్క వినాలి?" అంది. అని స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ చిన్నగా అంది: "ఫ్యాను కూడా ఆవిడ వైపే తిరుగుతుందట."

లైసెన్సు ఆఫీసు వెనక గోదాముల గోడ వెంట తిన్నని ఖాళీ రోడ్డు ఒకటి ఉంది. బండి అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర. గంటన్నర టైము ఉంది. మేస్త్రీ డిక్కీలోంచి సామాను పెట్టె తీశాడు. వైపర్ల కింది మేకు పీకి, వెనక పట్టీ చివర లేపడం రెండు నిమిషాల పని, కష్టమంతా కూతతోనే. ఇన్నేళ్లలో వేల కూతలు ఆపాడు గానీ, ఒక్క కూత తెప్పించడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

మొదట కొత్త బీడింగ్ పాడవకుండా పని కానిద్దామని చూశాడు. పై మూల సందులో కాగితం మడత పెట్టి బండి పోనిచ్చారు. పటపటలాడింది తప్ప కూయలేదు. పెన్ను మూత ఇరికించాడు. అది కూసింది గానీ బండి కదలగానే మొదలుపెట్టింది.

"దీన్ని నమ్ముకుంటే ఆఫీసరు సీటు బెల్టు పెట్టుకునేలోపే మూడోది వేసేస్తాను" అంది ఆమె.

గోడ మీద కూర్చుని లైసెన్సు రెన్యువలుకు తన వంతు కోసం చూస్తున్న లారీ డ్రైవరు ఒకాయన ఇదంతా గమనిస్తున్నాడు. మేస్త్రీ బ్లేడు తీసి తలుపు దగ్గర వంగగానే ఉండబట్టలేక కేకేశాడు.

"గురూ, కొత్త బీడింగులా ఉంది, కోస్తావేంటి?"

"ఈల కావాలి."

"ఎవరికి?"

"మా ఆవిడకి."

లారీ డ్రైవరు గోడ దిగి వచ్చాడు. ఇలాంటివి దగ్గరగా చూడాలి.

మేస్త్రీ బ్లేడును మూలకు ఆనించి మళ్లీ తీశాడు. సగం రోజు కష్టపడి ఒంపు తిప్పిన మూల అది. అతుకు లేని మూల. ఆ మూలను చూపించి పదిమందికి పాఠం చెప్పొచ్చు. కళ్లు మూసుకుని బియ్యపుగింజంత గాటు పెట్టాడు. బండి ఒక చుట్టు తిప్పుకొచ్చి ఆమె పెదవి విరిచింది.

"కూత కాదు, బుస. పాములా ఉంది."

ఇంకో గింజంత కోశాడు.

"సన్నగా వస్తోంది. అదీ ఆలస్యంగా. ఈపాటికి నాలుగోదిలో ఉండాలి."

"కొంచెం పైకి కొయ్యి గురూ. మా లారీలో అద్దం పైనుంచే కూస్తుంది" అన్నాడు లారీ డ్రైవరు. ఈ సలహా కోసం ఆయన తన వంతు వదులుకున్నాడు. ఆఫీసు కిటికీలోంచి ఆయన నంబరు రెండుసార్లు పిలిచారు, ఆయన వినిపించుకోలేదు.

పైకి కోశాడు. ఎక్కువ తెగిన చోట చిన్న ఫెల్టు గుడ్డ ముక్క అతికించాడు. బండి గోడ చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చింది. మేస్త్రీ, లారీ డ్రైవరు ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. దూరం నుంచి వస్తూ, ఎదురుగా రాగానే, కూ... అంది తలుపు. అదే క్షణంలో మూడో గేరు పడింది. ఇంజను హాయిగా ఊపిరి పీల్చుకుంది. లారీ డ్రైవరు మేస్త్రీని కావలించుకున్నాడు.

"టైముకే కూస్తోంది" అంది ఆమె బండి ఆపి. "కానీ గొంతు మారింది. ఇదివరకు పిట్టలా ఉండేది. ఇప్పుడు జలుబు చేసిన మీ అన్నయ్యలా ఉంది."

"గేరు పడుతుందా లేదా?"

"పడుతుంది."

"మా అన్నయ్యే అనుకో. పద."

పదకొండింటికి ఆఫీసరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో మూడు పెన్నులతో ఉంటాడు. అందరూ ఆయన్ని సున్నా ఆఫీసరంటారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆయన నల్లటి బంపరును ఒకసారి చూసి తల ఊపి ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రీ కంచె బయట నిలబడ్డాడు. అక్కడికి చూపు ఆనుతుంది, మాట వినబడదు.

బండి కదిలింది. ఒకటి. రెండు. మలుపు తిరిగి తిన్నని దారిలోకి వచ్చింది. మేస్త్రీ తెలియకుండానే ముందుకు వంగాడు. ఆ క్షణంలోనే వెనక ఎర్రలైట్లు వెలిగాయి. బండి ఆగిపోయింది.

ఆఫీసరు కిందికి దిగాడు. చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపు తీశాడు. వేశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ, ఈసారి రెండు చేతులతో, వేశాడు. మేస్త్రీ కంచె ఊచలు పట్టుకున్నాడు. వదిన పక్కన కుర్చీ, అటు తిరిగిన ఫ్యానూ కళ్లకు కట్టాయి. మంచి రబ్బరు వేసి ఒకసారి, కోసి ఒకసారి, రెండుసార్లూ తనే ముంచాడు.

లోపల ఏం జరిగిందో ఆమె తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. కూత వినగానే ఆఫీసరు ఆపమన్నాడట. "తలుపు సరిగ్గా వెయ్యకుండా బండి తీశారమ్మా. దీనికి పరీక్ష ఇక్కడితో సరి."

"వేశాను సార్. కావాలంటే మీరే చూడండి."

చూశాడు, తనే వేసి వచ్చాడు. మళ్లీ కదిలారు. మళ్లీ కూసింది. ఆమె మూడో గేరు వేసింది.

"అదిగో, మళ్లీ!"

"అది మూడో గేరు సార్."

"ఏంటీ?"

రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. కోసిందెవరో తప్ప చెప్పేసింది మొత్తం. కుక్కరుతో సహా. ఆఫీసరు ఒళ్లో ఉన్న కాగితం కళ్లదగ్గర పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడట.

"ఇంకో రెండు చుట్లు వెయ్యండి" అన్నాడు.

రెండు చుట్లు వేసింది. రెండుసార్లూ కూసింది, రెండుసార్లూ గేరు చిటికేసినట్టు పడింది. అంత కచ్చితంగా గేరు మార్చినవాళ్లను ఆయన ఈ ఉద్యోగంలో చూసి ఉండడు. "గేర్లు సమయానికి మార్చుట, అనే ఉంది" అన్నాడు చివరికి, తనకు తనే తీర్పు చెప్పుకుంటున్నట్టు. "కంటితోనా చెవితోనా అని గడి లేదు." టిక్కు పెట్టాడు.

బండి కంచె దగ్గరికి వచ్చి ఆగింది. ఆఫీసరు దిగి, ఆ తలుపు మూలను వేలితో తడిమాడు. గాట్లు, ఫెల్టు ముక్క, బంక మరక. ముఖం చిట్లించాడు.

"ఈ బీడింగ్ పని ఎవడు చేశాడమ్మా?"

ఆమె ఒక్క క్షణం మేస్త్రీ వైపు చూసింది.

"ఎవరో సార్. పేరు తెలీదు."

మేస్త్రీ నల్లటి గోళ్లున్న చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ఆఫీసరు కాగితం అడుగున ఒక ముక్క రాసి ఇచ్చి వెళ్లిపోయాడు. పరీక్ష: ఉత్తీర్ణత. దాని కింద: తలుపు రబ్బరు పని నాసిరకం, అనుభవమున్న మేస్త్రీచేత పదిహేను రోజుల్లో మార్పించవలెను.

"అనుభవమున్న మేస్త్రీ అట" అన్నాడు బీడింగ్ మేస్త్రీ, కాగితం నాలుగుసార్లు చదివి.

"ఎవరైనా ఉన్నారేమో కనుక్కుందాం లెండి" అంది ఆమె, నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల వాల్చేసింది. హారను మోగింది. అప్పటికి మూడోసారి పిలుస్తున్న తన నంబరు కోసం పరిగెత్తుతున్న లారీ డ్రైవరు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

కథ ఇక్కడితో అయిపోతే సుఖంగా ఉండేది. మర్నాడు ల్యాబువాళ్లు అలవాటు చేసుకోమని కారు తాళాలిచ్చారు. కొత్త కారు. తలుపు వేస్తే డబ్ అంటుంది, ఆ తర్వాత ఏమీ అనదు. మేస్త్రీ అలవాటుకొద్దీ కాగితం పెట్టి లాగాడు. చిరిగింది. ఒకటో తారీఖు ఇంకా పదిరోజులుంది.

"ఇదీ కాస్త కొయ్యనా?" అన్నాడు భయంభయంగా.

"కంపెనీ కారు తలుపు మీరు కోస్తే, మీ వదిన నన్ను కోస్తుంది."

ఇద్దరూ ఆ రోజంతా ఆలోచించారు. దారి ఒక్కటే కనిపించింది. అది మేస్త్రీకి నచ్చలేదు, కానీ ఆయనకు నచ్చాలని ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు కూడా ఆయనకు ఈల రాదు. రెండు రోజులు షెడ్డులో మూతి సున్నాలా చుట్టి సాధన చేశాడు. గాలి వచ్చింది, తుంపర్లు వచ్చాయి, పక్క షెడ్డులోంచి టింకరు వచ్చాడు.

"ఏం బావా, పాలు పొంగుతున్నాయా?"

మూడోరోజుకు ఈల వచ్చింది. జలుబు లేని ఈల. సోమవారం పొద్దున భార్య కారు తీసింది. మేస్త్రీ పక్కన కూర్చుని మీటరు మీదే కళ్లు పెట్టుకున్నాడు. ముల్లు ముప్ఫై దగ్గరికి రాగానే ఈలేస్తాడు. ఆమె మూడోది వేస్తుంది. నలభై దాటితే ఇంకో ఈల, నాలుగోదానికి. మొదటి రోజు గట్టిగా, తర్వాత రోజు కాస్త మెల్లగా, ఆ తర్వాత ఇంకా మెల్లగా. చిన్నపిల్లాడికి పాలసీసా మాన్పించినట్టు ఈల మాన్పించాలని ఆయన పథకం. నాలుగోరోజు ఒకచోట ఈల మరిచిపోయాడు. గేరు పడింది. ఆమె గమనించలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత కావాలనే రెండుసార్లు మానేశాడు. రెండుసార్లూ పడింది.

ఆరోరోజు ల్యాబు ముందు రోడ్డు మీదుగా వచ్చారు. ఎండగా ఉందని అద్దాలు దించుకున్నారు. ఎర్రలైటు దగ్గర ఆగితే, పక్కనే బస్టాపులో గొడుగు వేసుకుని వదిన నిలబడి ఉంది. కారునూ, స్టీరింగు దగ్గర కూర్చున్న తోడికోడలినీ పైనుంచి కిందిదాకా చూసింది. ఫ్రిజ్ జ్ఞాపకం వచ్చినట్టే ఉంది ముఖం.

"లైసెన్సు వచ్చిందటగా" అంది, ఆ లైసెన్సు తన దగ్గర్నుంచే పోయినట్టు.

"వచ్చింది అక్కా. ఎక్కండి, దింపేస్తాను" అంది మేస్త్రీ భార్య.

బస్సు రాలేదు. ఎండ ఎక్కువగా ఉంది. వదిన గొడుగు ముడిచి వెనక సీట్లో కూర్చుని, తలుపు వేసి, దుమ్మని భార్య అద్దాలెక్కించాక అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి చుట్టూ చూసింది. పచ్చలైటు పడింది. మొదటి గేరు. రెండో గేరు. వెనక వదిన కూర్చుందన్న కంగారులో ఆమె చెయ్యి గేరు మీదే ఆగిపోయింది. ఇంజను గొంతు పెంచింది. ముల్లు ముప్ఫై దాటింది, ముప్ఫై అయిదు దాటింది. మేస్త్రీ పెదాలు తడుపుకున్నాడు.

ఈలేశాడు. గట్టిగానే.

మూడో గేరు పడింది.

"ఏంటి మరిదీ ఇది!" అంది వెనక నుంచి వదిన. "కట్టుకున్న పెళ్లాన్ని పక్కన పెట్టుకుని నడిరోడ్డు మీద ఈలలేంటయ్యా, ఈ వయసులో! మీ అన్నయ్య ఇరవయ్యేళ్లలో నన్ను చూసి ఒక్కసారి ఈలేసిన పాపాన పోలేదు."

ఆ చివరి మాటలో కోపమేమీ లేదు. మేస్త్రీ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు.

"మీరు మీటరు చూడండి" అంది భార్య. "నాలుగోది రాబోతోంది."